గది గాలిలోని వాయువులను పట్టే వడపోత పెట్టె: పదార్థం ఎంపిక, లెక్క, తయారీ

హనుమకొండలో ఒక ఇంటి మూడో అంతస్తులో పడకగది ఉందనుకోండి. దాని వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. ఒక గోడ మొత్తానికి పార్టికల్ బోర్డు బీరువాలు బిగించి రెండు నెలలయింది. కిటికీ మూసుకుంటే కళ్లు మండుతాయి, తెరుచుకుంటే కింది నాలా నుంచి మురుగు కంపు లోపలికి వస్తుంది. ఇలాంటి గదులున్న బంధువులు, స్నేహితులు సలహా అడిగినప్పుడల్లా నేను వెళ్లి చూసేది ఒకటే: వేల రూపాయలు పోసి కొన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఒక మూల తిరుగుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్ల కళ్లు మండుతూనే ఉంటాయి. ఆ యంత్రంలో లోపమేమీ లేదు, దుమ్మును పట్టడానికి తయారైన దానికి మనం వాయువును పట్టే పని అప్పగించాం. వాయువులను పట్టే రసాయన పదార్థాలు వేరే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ అన్ని వాయువులనూ పట్టదు, పట్టేది కూడా తన శక్తి ఉన్నంతవరకే పడుతుంది. ఈ సంగతులను దృష్టిలో పెట్టుకుని, పైన చెప్పిన గదికే ఒక వడపోత పెట్టెను ఎలా లెక్కగట్టాలో, ఎలా కట్టుకోవాలో వివరిస్తాను.

దుమ్మో వాయువో ముందు తేల్చుకోండి

ప్యూరిఫయర్లలో ఉండే సన్నని పోగుల దుమ్ము వడపోతను హెపా అంటారు, అది 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం వరకు ఆపుతుంది. 0.3 మైక్రాన్లంటే 300 నానోమీటర్లు. ఫార్మాల్డిహైడ్ అణువు గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు గానీ అర నానోమీటరు కూడా ఉండదు, కాబట్టి అవి ఆ వడపోత పోగుల మధ్య నుంచి గాలితో పాటే దాటిపోతాయి. దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో దొరుకుతుంది. మిర్చి సీజనులో అక్కడ గొంతు పట్టేసే ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం కాదు, అది మిర్చి దుమ్మును అంటుకుని గాలిలో తేలుతుంది. బస్తాలు మోసే హమాలీలకు కావలసింది మంచి దుమ్ము మాస్కు, అక్కడ బొగ్గు వడపోత పెట్టడం డబ్బు దండగ.

మీ గదిలో ఉన్నదేదో తెలుసుకోవడానికి ఎన్95 మాస్కును ముఖానికి బిగుతుగా పెట్టుకుని పది నిమిషాలు అందులో కూర్చోండి. వాసన, గొంతు మంట తగ్గిపోతే అది దుమ్ము లేదా పొగ కణం. ఏమాత్రం తగ్గకపోతే అది వాయువు. అగరుబత్తి పొగలోనూ వంట మాడిన పొగలోనూ రెండూ కలిసి ఉంటాయి, కనుక అలాంటి చోట రెండు రకాల వడపోతలూ అవసరమవుతాయి.

వాయువు పేరు తెలుసుకోండి

ఇందులో తొందరపడితే తర్వాత చేసే పనంతా వృథా అవుతుంది, ఎందుకంటే పదార్థాన్ని నిర్ణయించేది వాయువే. ముందుగా మూలాల జాబితా రాసుకోండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు), చవక ప్లైవుడ్ ఉన్నాయంటే వాటిని అతికించిన యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తూ ఉంటుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది, నెలలు దాటి ఏళ్ల పాటు కూడా వస్తుంది. మూసి ఉంచిన బీరువా తలుపు తీయగానే కళ్లు చురుక్కుమంటే అనుమానించవలసింది దీన్నే. పెయింటు, టిన్నర్, పాలిష్, ఫ్లెక్స్ ప్రింటింగ్ సిరా, కాంటాక్ట్ గమ్ ఉన్నచోట టోలీన్, జైలీన్ వంటి సేంద్రియ ఆవిర్లు ఉంటాయి. వరంగల్ కొత్తవాడలో దర్రీల నూలుకు రంగులద్దే షెడ్లలో హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్) వాడుతుంటే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వాసన వస్తుంది, అది సల్ఫర్ డయాక్సైడ్. కోళ్ల ఫారాల దగ్గర ముక్కు అదరగొట్టేది అమ్మోనియా. గాలి ఆడని మురుగు నుంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందో లేదో చూడటానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. వెండి తీగపనికి పేరున్న కరీంనగర్ కళాకారులను అడిగితే చెబుతారు, తెరిచి ఉంచిన వెండి పసుపెక్కి, గోధుమరంగు మీదుగా నల్లబడుతుందని. గాలిలోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారడం వల్లే అలా అవుతుంది. బాగా మెరుగుపెట్టిన రెండు చిన్న వెండి ముక్కలు తీసుకుని, ఒకదాన్ని గట్టి మూత ఉన్న గాజు సీసాలో, రెండోదాన్ని గది మధ్యలో దారంతో వేలాడదీసి, 30 రోజుల తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. పరిశ్రమల కంట్రోల్ రూముల్లోనూ ఇదే పద్ధతి ఉంది. ఐఎస్ఏ 71.04 ప్రమాణం ప్రకారం నెలకు రాగి మీద 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు, వెండి మీద 200 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు పొర ఏర్పడితేనే ఆ గది ఎలక్ట్రానిక్ పరికరాలకు క్షేమకరం. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు. ఇంట్లో ఆ మందం కొలవలేము గానీ రంగు మారడం కంటికి కనిపిస్తుంది.

ఫార్మాల్డిహైడ్ విషయంలో మాత్రం ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లను నమ్మవద్దు. చాలా మీటర్లు శానిటైజర్ ఆవిరికి, అత్తరుకు కూడా అంకె పెంచి చూపిస్తాయి. ఖచ్చితంగా తెలియాలంటే డీఎన్‌పీహెచ్ అనే, ఫార్మాల్డిహైడ్‌ను పట్టి ఉంచే రసాయనం పూసిన నమూనా గొట్టాన్ని గదిలో ఉంచి ప్రయోగశాలకు పంపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 నిమిషాల సగటుకు చెప్పిన హద్దు ఘన మీటరుకు 0.1 మిల్లీగ్రాము.

వడపోతకు అప్పగించకూడనివి

ఇది చదవకుండా ముందుకు పోవద్దని నా మనవి. కుంపటి, జనరేటరు, గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాస్ గీజరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను మనం మాట్లాడుకోబోయే పదార్థాలేవీ పట్టలేవు. దానికి హాప్‌కలైట్ అనే మాంగనీసు, రాగి ఆక్సైడ్ల మిశ్రమం ఉంది గానీ అది తేమ తగలగానే పనితనం కోల్పోతుంది, ఇంటి వాడకానికి పనికిరాదు. మోనాక్సైడ్‌కు వాసన లేదు, అందుకే దానికి మార్గం కిటికీ, పొగగొట్టం, అలారం మాత్రమే.

రెండోది వంటగ్యాసు. సిలిండరు గ్యాసు కారితే తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపు పదార్థాన్ని కలుపుతారు. బొగ్గు వడపోత ఆ కంపును ఇష్టంగా పట్టుకుని, మండే గ్యాసును మాత్రం వదిలేస్తుంది. అంటే ప్రమాదం అలాగే ఉండి హెచ్చరిక మాయమవుతుంది. సిలిండరు ఉన్న గదిలో ఈ పెట్టె పెట్టవద్దు.

మూడోది శీతల గిడ్డంగులు. మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో చాలావాటికి చల్లదనమిచ్చేది అమ్మోనియానే. అక్కడ పైపు పగిలితే వచ్చే మోతాదుకు ఏ పెట్టే ఆగదు. తడిబట్ట ముక్కుకు అడ్డుపెట్టుకుని గాలివాలుకు అడ్డంగా బయటికి వెళ్లిపోవడమే చేయవలసింది. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది కాబట్టే తడిబట్ట కాస్త సాయపడుతుంది. గాలిలో అది 300 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 300 వంతులు, దాటితే ప్రాణాపాయం. మురుగు మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకుల సంగతీ అంతే. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం ప్రాంతానికి చేరితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, కంపు పోయిందనుకుని లోపలికి దిగినవారు తిరిగి రాని ఘటనలు మన పట్టణాల్లో ఎన్నో జరిగాయి.

ఏ వాయువుకు ఏ పదార్థం

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఉత్తేజితం చేసిన బొగ్గు. పొయ్యిలో మిగిలిన బొగ్గు పనికిరాదా, సింగరేణి బొగ్గు పొడి చేసి వాడకూడదా అని నన్ను అడిగినవారున్నారు. ఏ బొగ్గయినా 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరితో ఉత్తేజితం చేస్తేనే దాని లోపల కంటికి కనిపించని రంధ్రాలు తెరుచుకుంటాయి. అప్పుడు ఒక్క గ్రాము బొగ్గులో ఉండే లోపలి ఉపరితలం దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పది గుంటల నేల. వాయు అణువులు ఆ గోడలకు అంటుకుని ఉండిపోవడాన్నే అధిశోషణం అంటారు. 1915లో రష్యా రసాయన శాస్త్రవేత్త నికొలాయ్ జెలిన్‌స్కీ యుద్ధంలోని విషవాయువులకు తయారుచేసిన మాస్కులో ఉన్నది ఈ బొగ్గే. గాలి వడపోతకు కొబ్బరిచిప్ప బొగ్గు మేలు. అది గట్టిది, తక్కువ పొడి రాలుతుంది, దాని రంధ్రాలు సన్నవి కనుక చిన్న అణువులను బిగించి పట్టుకుంటుంది.

అయితే ఉత్త బొగ్గు ఏది పడుతుంది, ఏది పట్టదు అన్నదానికి మరుగు స్థానం ఒక మోటు గుర్తు. 111 డిగ్రీల దగ్గర మరిగే టోలీన్, 140 దగ్గర మరిగే జైలీన్ బాగా అంటుకుంటాయి. మైనస్ 19 దగ్గరే ఆవిరయ్యే ఫార్మాల్డిహైడ్, మైనస్ 33 దగ్గర ఆవిరయ్యే అమ్మోనియా, మైనస్ 60 దగ్గర ఆవిరయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్ నిలవవు, అంటుకున్నట్టే ఉండి జారిపోతాయి. వాటిని పట్టాలంటే అంటించుకోవడం చాలదు, రసాయన చర్యతో వేరే పదార్థంగా మార్చెయ్యాలి.

ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌లకు ఆ పని చేసేది పొటాషియం పర్మాంగనేట్ ఎక్కించిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గోళీలు. వాటిలో పర్మాంగనేట్ బరువులో సాధారణంగా 4 నుంచి 8 శాతం ఉంటుంది. వాయువు తగలగానే పర్మాంగనేట్ దాన్ని ఆక్సీకరిస్తుంది: ఫార్మాల్డిహైడ్ ఫార్మిక్ ఆమ్లంగా, ఆపైన కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, గంధకపు వాయువులు సల్ఫేట్ల వైపు మారి గోళీలోనే ఉండిపోతాయి. పర్మాంగనేట్ మాంగనీస్ డయాక్సైడ్‌గా మారి, ఊదా రంగు గోళీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఖర్చైపోయిందని తనే చెప్పే పదార్థం కాబట్టి ఇంటివారికి ఇది నాకు బాగా నచ్చినది. మందుల దుకాణంలో దొరికే పర్మాంగనేట్‌ను నీళ్లలో కలిపి ఇంట్లోనే బొగ్గుకు పట్టిద్దామని మాత్రం ఎన్నడూ ప్రయత్నించకండి. బొగ్గు దానితో చర్య జరిపి వేడెక్కుతుంది. పరిశ్రమలో దాన్ని బొగ్గు మీద కాకుండా అల్యూమినా, జియోలైట్ (సన్నని రంధ్రాలున్న ఖనిజం) వంటి మండని పదార్థాల మీద ఎక్కించడానికి కారణం ఇదే.

అద్దకం షెడ్డు వంటి చోట సల్ఫర్ డయాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి ఎక్కువగా ఉంటే పొటాషియం హైడ్రాక్సైడ్ వంటి క్షారం పట్టించిన బొగ్గు చవకగా పని జరుపుతుంది. క్షారం పట్టించిన బొగ్గు మామూలు బొగ్గు కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది, కనుక నిప్పుకు, వెల్డింగు పనికి దూరంగా ఉంచాలి. అమ్మోనియాకు దీనికి పూర్తిగా ఎదురు: ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించిన బొగ్గు గానీ క్లినోప్టిలోలైట్ అనే జియోలైట్ గానీ వాడాలి. ఆమ్లపు బొగ్గునూ క్షారపు బొగ్గునూ ఒకే ట్రేలో కలిపితే అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ముఖానికి పెట్టుకునే కార్ట్రిడ్జ్ మాస్కుల్లో కూడా ఇదే విభజన ఉంది. యూరప్ పద్ధతిలో సేంద్రియ ఆవిర్లకు గోధుమరంగు, ఆమ్ల వాయువులకు పసుపు, అమ్మోనియాకు ఆకుపచ్చ పట్టీ వేస్తారు.

మన నమూనా గదిలో ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, బీరువాల పాలిష్ ఆవిర్లు మూడూ ఉన్నాయనుకుని రెండు ట్రేలు పెడదాం: గాలి వచ్చే వైపు కొబ్బరిచిప్ప బొగ్గు, దాని తర్వాత పర్మాంగనేట్ అల్యూమినా. బొగ్గు ముందుంటే పాలిష్ ఆవిర్లు అక్కడే ఆగి, ఖరీదైన పర్మాంగనేట్ వాటి మీద వృథా కాదు.

ఎంత పదార్థం కావాలి

మన గది ఘనపరిమాణం 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘన మీటర్లు. గంటకు ఐదుసార్లు గదిలోని గాలంతా పెట్టె గుండా వెళ్లాలనుకుంటే గంటకు 170 ఘన మీటర్లు, సెకనుకు 47 లీటర్లు ప్రవహించాలి. ఆ గాలి పదార్థం మధ్య కనీసం సెకనులో పదో వంతు సేపు నిలవాలి. అంతకంటే తొందరగా దాటిపోతే వాయువు రంధ్రాల దాకా చేరదు. 47 లీటర్లలో పదో వంతు 4.7 లీటర్లు, కనుక ఒక్కో ట్రేలో 5 లీటర్ల పదార్థం పోద్దాం. ట్రే 50 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 5 లీటర్లు పోయడానికి లోతు 2.5 సెంటీమీటర్లు సరిపోతుంది. లీటరు బొగ్గు సుమారు అర కిలో, లీటరు పర్మాంగనేట్ అల్యూమినా సుమారు 800 గ్రాములు తూగుతాయి. కాబట్టి బొగ్గు రెండున్నర కిలోలు, అల్యూమినా నాలుగు కిలోలు తెచ్చుకోవాలి.

అది ఎన్ని రోజులు వస్తుందో కూడా ఇప్పుడే లెక్కవేయండి. గదిలో సేంద్రియ ఆవిర్లు ఘన మీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్నాయనుకుంటే, రోజుకు పది గంటలు నడిచే పెట్టెలోకి 1.7 గ్రాముల ఆవిరి వస్తుంది. ఇంత పలుచని గాలిలో బొగ్గు తన బరువులో 5 శాతం పట్టగలదని జాగ్రత్తగా అనుకుంటే, రెండున్నర కిలోల బొగ్గు 125 గ్రాములు పడుతుంది, అంటే 70 రోజులకు పైగా నడుస్తుంది. ఇదే లెక్కను 100 గ్రాముల బొగ్గు పూసిన పలుచని షీటుకు వేసి చూడండి: 5 గ్రాములు, మూడు రోజులు. ప్యూరిఫయర్ కొనేటప్పుడు దాని ధర కన్నా ముందు లోపలి బొగ్గు బరువెంతో అడగమని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొనేటప్పుడు పరీక్షలు

అమ్మేవారిని మూడు విషయాలు కాగితం మీద అడగండి. అయోడిన్ సంఖ్య, అంటే గ్రాము బొగ్గు ఎంత అయోడిన్‌ను పడుతుందో చెప్పే అంకె, గ్రాముకు 1000 మిల్లీగ్రాములు, ఆపైన ఉండాలి. తేమ 5 శాతం లోపు ఉండాలి. గింజ పరిమాణం 4×8 మెష్, అంటే సుమారు 2.4 నుంచి 4.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పొడి బొగ్గు ఎంత మంచిదైనా తీసుకోవద్దు, అది గాలిని అడ్డగిస్తుంది, గదంతా మసి చేస్తుంది.

కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా ఇంట్లో మూడు పరీక్షలు చేయవచ్చు. గుప్పెడు బొగ్గును గాజు గ్లాసు నీళ్లలో వేస్తే మంచిదైతే చిటపటమంటూ చాలాసేపు బుడగలు విడుస్తుంది. నిశ్శబ్దంగా మునిగిపోయేది ఇదివరకే తేమతోనో ఆవిర్లతోనో నిండిపోయిందన్నమాట. రెండోది: ఒకే కొలత ఉన్న రెండు గాజు సీసాల్లో ఒక్కో చుక్క టిన్నర్ వేసి, ఒకదాంట్లో మాత్రం 20 గ్రాముల బొగ్గు వేసి మూత బిగించి, మరుసటి రోజు మూత తీసి దూరం నుంచి చేత్తో గాలి విసురుకుంటూ పోల్చండి. బొగ్గున్న సీసాలో వాసన దాదాపు ఉండకూడదు. మూడోది అల్యూమినాకు: గోళీని పగలగొడితే ఊదా రంగు పైపూతలా కాక లోపలి దాకా ఉండాలి, నీళ్లలో వేస్తే గులాబీ రంగు దిగాలి.

పదార్థం తెచ్చిన రోజు నుంచి పెట్టెలో పోసే రోజు దాకా మందపాటి పాలిథిన్ సంచులు రెండు తొడిగి, మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో ఉంచండి. పెయింటు డబ్బాల పక్కనో కిరోసిన్ పక్కనో ఉంచితే అక్కడి ఆవిర్లను పీల్చుకుని, గదికి రాకముందే పని అయిపోతుంది.

పెట్టె కట్టడం

పెట్టెను ప్లైవుడ్‌తో చేయించవద్దు, ఏ వాయువును పట్టడానికి పెట్టె కడుతున్నామో దాన్నే ప్లైవుడ్ వదులుతుంది. జీఐ షీటుతో (జింకు పూత వేసిన ఇనుప రేకుతో) గానీ అల్యూమినియంతో గానీ చేసిపెట్టమని ఏ షీట్ మెటల్ పనివారిని అడిగినా చేసిస్తారు. నిలువు పెట్టెలో గాలి కింద నుంచి పైకి పోయేలా, ట్రేలు అడ్డంగా, అంటే నేలకు సమాంతరంగా కూర్చునేలా చెప్పండి. ట్రేను నిలబెట్టి పెడితే కొన్ని రోజులకు గింజలు కిందికి సర్దుకుని పైన వేలెడు సందు ఏర్పడుతుంది, గాలంతా ఆ సందులోంచే పోతుంది. నేను చేయించిన మొదటి పెట్టెలో ఈ తప్పే జరిగింది. రెండు వారాలు బాగా పనిచేసి ఒక్కసారిగా వాసన తిరిగొస్తే బొగ్గు నాసిరకమనుకుని మార్చాను. కొత్త బొగ్గు పోసేటప్పుడు గానీ పైన వదిలిన సందు కంటబడలేదు.

ట్రేకు అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు దోమ జాలీ బిగించండి, 4×8 గింజలు దాంట్లోంచి జారవు. పదార్థం పోసేటప్పుడు ట్రే అంచులను సుతారంగా తడుతూ సమంగా పరిచి, పైన మరో జాలీ వేసి బిగించండి. ఆ సమయంలో ముక్కుకు దుమ్ము మాస్కు, పర్మాంగనేట్ గోళీలకు చేతి గ్లౌజులు తప్పనిసరి. ట్రేకూ పెట్టె గోడకూ మధ్య రబ్బరు పట్టీ వేసి ఎక్కడా సందు లేకుండా చూసుకోండి. గాలి లోపలికి వచ్చే చోట దుమ్ము వడపోత, ట్రేలు దాటాక బొగ్గు నుసిని ఆపడానికి ఇంకొక పలుచని వడపోత ఉండాలి. ముందరి దుమ్ము వడపోత లేకపోతే బొగ్గు రంధ్రాలు దుమ్ముతోనే పూడుకుపోతాయి.

ఫ్యాను విషయంలో గోడకు బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను చాలదు, ఎదురు ఒత్తిడి తగలగానే దాని గాలి బాగా పడిపోతుంది. సుమారు 100 పాస్కల్‌ల ఒత్తిడి వద్ద గంటకు 170 ఘన మీటర్లు ఇవ్వగల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాను (గాలి గొట్టానికి వరసలో బిగించేది) అడగండి. దాన్ని చివర, శుద్ధమైన గాలి బయటికి వచ్చే వైపు బిగిస్తే పెట్టెలో చిన్న సందున్నా మురికి గాలి గదిలోకి ఎగజిమ్మదు.

నడపడం

గాలి పీల్చే వైపు బీరువాల దగ్గర, వదిలే వైపు మంచం దగ్గర ఉండేలా పెట్టెను పెట్టి, బీరువాల ఖాళీ అంచులను, రంధ్రాలను ముందే లామినేట్ పట్టీతో మూయించండి. మూలాన్ని మూస్తే పెట్టె మీద బరువు తగ్గుతుంది. గదిని పూర్తిగా బిగించవద్దు, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఈ ట్రేలు పట్టవు. నాలా కంపు తక్కువగా ఉండే వేళ చూసుకుని రోజూ కొంతసేపు కిటికీ తెరవండి, లేదా పీల్చే గాలిలో పదో వంతు బయటి నుంచి ఈ పెట్టె గుండానే వచ్చేలా చిన్న గొట్టం వేయించండి. అలా చేస్తే గదిలో గాలి ఒత్తిడి కాస్త ఎక్కువై, సందుల్లోంచి కంపు లోపలికి రాదు.

వరంగల్ ఎండలు బొగ్గుకు పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన గదిలో బొగ్గు పట్టే శక్తి తగ్గడమే కాదు, అంతకుముందు పట్టినదాన్ని కొంత తిరిగి వదులుతుంది. రేకుల కప్పు కింద, పడమటి ఎండ పడే గోడకు ఆనించి పెట్టెను ఎప్పుడూ పెట్టవద్దు. వానలు పడి గాలిలో తేమ 60 శాతం దాటితే నీటి ఆవిరి బొగ్గు రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తుంది. ఏసీ నడిచే గదిలో ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. పర్మాంగనేట్ గోళీలకు మాత్రం తేమతో పేచీ లేదు, చర్య జరగడానికి వాటికి కాస్త తేమ కావాలి కూడా.

ఎప్పుడు మార్చాలి, పాతదాన్ని ఏం చేయాలి

పది రోజులకొకసారి అల్యూమినా ట్రే మధ్య నుంచి రెండు గోళీలు తీసి పగలగొట్టి చూడండి. లోపలి దాకా గోధుమరంగు వచ్చిందంటే పని అయిపోయింది. బొగ్గుకు ఇలాంటి గుర్తు లేదు. బరువు పెరిగిందని మార్చబోతే వానాకాలంలో మోసపోతారు, పెరిగింది నీటి బరువు కావచ్చు. వాసన తిరిగి రావడం కూడా ఆలస్యపు గుర్తే, పైగా ఒకే గదిలో ఉండేవారి ముక్కు దానికి అలవాటు పడుతుంది. బయటి నుంచి వచ్చిన వ్యక్తి తలుపు తీసిన మొదటి క్షణంలో చెప్పే మాటను నమ్మండి. వెండి ముక్కను ఈసారి ఫ్యాను గాలి వదిలే చోట వేలాడదీయండి. అది పసుపెక్కడం మొదలైతే అల్యూమినా ట్రే గంధకాన్ని వదిలేస్తోందన్నమాట. వీటన్నిటికన్నా మేలైన పద్ధతి, ఇంకొంచెం ఖర్చుకు సిద్ధపడితే, బొగ్గు ట్రేలు రెండు పెట్టడం. ముందరిది నిండినప్పుడు దాన్ని తీసేసి, వెనుకదాన్ని ముందుకు జరిపి, కొత్తదాన్ని వెనుక పెడితే ఏ రోజూ వడపోత ఆగదు, బొగ్గు కూడా పూర్తిగా వినియోగమవుతుంది.

నిండిన బొగ్గును ఎండలో ఆరబెడితే కొత్తదవుతుందనే మాట నిజం కాదు. అది పట్టినదాంట్లో కొంత మీ డాబా మీదనే వదులుతుంది, మిగిలింది అలాగే ఉంటుంది. పునరుద్ధరణకు ఫ్యాక్టరీలోని కొలిమి, ఆవిరి కావాలి. పొయ్యిలో వేసి కాల్చడం మరీ ప్రమాదం, పట్టిన వాయువులన్నీ ఒక్కసారిగా వంటగదిలోకి వస్తాయి. ఎమ్ఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్), సైక్లోహెక్సనోన్ వంటి కీటోన్ ద్రావకాలు వాడే ప్రింటింగ్, గమ్ యూనిట్ల బొగ్గు కుప్పగా పోసి ఉంచితే తనంతట తానే వేడెక్కి అంటుకునే అవకాశం ఉంది, కనుక అలాంటి దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో, గోడలకు దూరంగా ఉంచాలి. యూనిట్లు నడిపేవారి వాడేసిన బొగ్గు 2016 హానికర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది కాబట్టి దాన్ని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందిన సంస్థకే అప్పగించాలి. ఇంటి ట్రేలోని రెండు మూడు కిలోలను రెండు పాలిథిన్ సంచుల్లో గట్టిగా కట్టి, లోపల ఏముందో పైన రాసి, తడి చెత్తలో కలపకుండా ఇంటి హానికర చెత్తగా విడిగా ఇవ్వండి. పర్మాంగనేట్ గోళీల్లో ఊదా రంగు ఇంకా మిగిలి ఉంటే వాటిని రంపపు పొట్టు, నూనె గుడ్డలు, గ్లిజరిన్ దగ్గరికి చేరనీయకండి. బొగ్గు సంచిలో కూడా వాటిని కలపకుండా వేరే సంచిలోనే కట్టండి.